కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండగా ఐఐఏ సభ్యత్వం కూడా కావాలా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు విజయవాడలో సొంతంగా ప్రాక్టీసు మొదలుపెడుతున్నారు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉంది కాబట్టి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో, అంటే ఐఐఏలో, చేరడం దండగేనా, లేక నెల తిరిగేసరికి అద్దె, జీతాలు చూసుకోవలసిన చిన్న ఆఫీసుకు దానివల్ల ఏమైనా ఒరుగుతుందా అన్నది మీ సందేహం. చేరమనే నా సలహా. అయితే ఈ సంస్థల్లో ఏది దేనికోసం పుట్టిందో తెలియకుండా చేరినవాళ్లే రెండేళ్లకు "అక్కడేమీ లేదండీ" అని నిష్ఠూరపడుతుంటారు కనుక, ఏది ఎక్కడ అడగాలో కాస్త వివరంగా రాస్తాను.

ముందు కౌన్సిల్ సంగతి. అది 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన చట్టబద్ధమైన సంస్థ. ఆ చట్టం 1972 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. దేశంలో ఎవరు ఆర్కిటెక్టు అనిపించుకోవచ్చో ఆ పట్టికను నిర్వహించడం, కళాశాలల్లో చదువు ప్రమాణాలు చూడటం, పట్టికలో ఉన్నవాడు వృత్తి నియమాలు తప్పితే విచారించి మందలించడం, సస్పెండ్ చేయడం లేదా పేరు తొలగించడం దాని పనులు. మీ సర్టిఫికెట్ మీద సీఏ అనే అక్షరాలతో, సంవత్సరంతో మొదలయ్యే సంఖ్య ఆ పట్టికలో మీ చిరునామా మాత్రమే. చాలామంది కౌన్సిల్‌ను తమ సంఘంగా భావించి, క్లయింటు డబ్బు ఎగ్గొట్టినప్పుడు అక్కడికి ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూస్తారు. కౌన్సిల్ ప్రధానంగా కాపాడవలసింది ఇల్లు కట్టించుకునే పౌరుణ్ణి. క్లయింటు మీ మీద ఫిర్యాదు చేస్తే అది విచారిస్తుంది. మీరు క్లయింటు మీద ఫిర్యాదు చేస్తే అతని మీద దానికి అధికారమే లేదు.

ఇంకొక అపోహ కూడా ఇక్కడే తొలగించుకోవాలి. "ఇంజినీర్లు, ఎల్‌టీపీలు (మున్సిపాలిటీ లైసెన్సుతో ప్లాన్లు సమర్పించే సాంకేతిక నిపుణులు) మన పని లాక్కుంటున్నారు, కౌన్సిల్ ఎందుకు ఆపదు" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 2020 మార్చి 17న కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ముకేశ్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది: చట్టంలోని 37వ సెక్షన్ కాపాడేది ఆర్కిటెక్టు అనే హోదాను, పేరును మాత్రమే, భవనాలకు రూపకల్పన చేసే పనిని రిజిస్టరు కానివారు చేయకూడదని ఆ సెక్షన్ నిషేధించడం లేదు. కాబట్టి బందరు రోడ్డు మీద ఒక సివిల్ ఇంజినీరు ఇళ్ల ప్లాన్లు గీస్తే అది నేరం కాదు. అతను బోర్డు మీద "ఆర్కిటెక్ట్" అని రాయించుకుంటేనే నేరం. ఆ నేరానికి కూడా 1972 చట్టం పెట్టిన జరిమానా మొదటిసారి 500 రూపాయల వరకు మాత్రమే. పైగా కౌన్సిల్ ఆదేశంతో దాఖలైన ఫిర్యాదు ఉంటే తప్ప కోర్టు ఆ కేసు తీసుకోదు. అలాంటి బోర్డు కనిపిస్తే ఫొటో తీసి, చిరునామాతో సహా కౌన్సిల్‌కు పంపండి. అంతకు మించి దాని మీద కాలం వెచ్చించకండి. పోటీ ఉంటుందని ఒప్పుకుని ఆఫీసు నడపడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవడం మేలు.

కౌన్సిల్ పేరుతో మీ చేతికి నిజంగా పనికొచ్చేవి రెండు ఉన్నాయి: 1989 నాటి వృత్తి ప్రవర్తనా నియమావళి ఒకటి, ఎంగేజ్‌మెంట్ షరతులు (క్లయింటు ఆర్కిటెక్టును పెట్టుకునే షరతులు), ఫీజుల పట్టిక కలిసిన పత్రం ఇంకొకటి. నియమావళిని చాలామంది రిజిస్ట్రేషన్ నాడు తెరిచి మూసేస్తారు. అందులో ఆఫీసు బయట గానీ, మీరు చేసిన భవనం మీద గానీ పేరు పెట్టుకునే అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదనే నియమం కూడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్ కాలంలో అది చదివితే నవ్వొస్తుంది, నిజమే. అయితే అదే నియమావళిలో చిన్న ఆఫీసుకు అండగా నిలిచే మాటలు కూడా ఉన్నాయి. మరో ఆర్కిటెక్టు చేతిలో ఉందని తెలిసిన పనిని, ఆ ఒప్పందం ముగిసిందన్న ఆధారం చూసుకుని, మునుపటి ఆర్కిటెక్టుకు లిఖితపూర్వకంగా తెలియజేశాకే మీరు తీసుకోవాలి. వాడుకలో దీన్నే ఎన్‌ఓసీ తెచ్చుకోవడం అంటాం. అలాగే డబ్బు తీసుకోకుండా గానీ, తగ్గించిన ఫీజుకు గానీ ఒక క్లయింటు కోసం ఇతర ఆర్కిటెక్టులతో పోటీపడి డిజైన్లు గీయకూడదు. ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకోవడానికి క్లయింటు ఎంతమందినైనా సంప్రదించవచ్చు గానీ, ప్రతి ఒక్కరికీ వారి రుసుము చెల్లించాలి. మన ఊళ్లలో "ఊరికే ఒక స్కెచ్ గీసివ్వండి, నచ్చితే మీకే ఇస్తాం" అనేవాళ్లకు ఇంతకంటే మర్యాదగా చెప్పగల జవాబు నాకు తెలియదు: "మా నియమావళి ఒప్పుకోదండీ." ఈ మాట ఊళ్లో ఒక్కరే అంటే పని పోతుంది. ఉన్న పదిమందీ అంటేనే నిలుస్తుంది. ఆ పదిమంది ఒకచోట కూర్చునే వేదికే సభ్యత్వ సంస్థ.

ఇక ఐఐఏ. 1917లో బొంబాయిలో, సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ పూర్వ విద్యార్థులు జార్జ్ విటెట్ అధ్యక్షతన పెట్టుకున్న చిన్న విద్యార్థి సంఘం దానికి మూలం. విటెట్ అంటే గేట్‌వే ఆఫ్ ఇండియాకు రూపమిచ్చిన ఆర్కిటెక్టు. ఆ సంఘం 1922లో బొంబాయి ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ అయింది, 1929లో ఇప్పటి పేరు తీసుకుంది. అంటే చట్టం రాకముందు నలభై ఏళ్లకు పైగా ఈ వృత్తికి దేశంలో ఉన్న గొంతు అదే. అందుకే 1972 చట్టంలోనే దానికి ఒక స్థానం ఉంది: కౌన్సిల్‌లో ఐదుగురు ఆర్కిటెక్టులను ఐఐఏ తన సభ్యుల్లోంచి ఎన్నుకుని పంపుతుంది. మిగతా సభ్యుల్లో కళాశాలల అధిపతులు ఎన్నుకున్నవారు, రైల్వే, రక్షణ శాఖల చీఫ్ ఆర్కిటెక్టులు, ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వం పంపే ఆర్కిటెక్టు, చివరికి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పంపే ఇద్దరు కూడా ఉంటారు. ఈ జాబితా శ్రద్ధగా చూస్తే సొంత ప్రాక్టీసు చేసేవాడు తన తరఫు మనిషిని కౌన్సిల్‌కు పంపడానికి నేరుగా ఉన్న దారి ఐఐఏ ఒక్కటే అని తెలుస్తుంది. "కౌన్సిల్ మాకేం చేసింది" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆ దారిలో అడుగు పెట్టనివాళ్లే.

రోజువారీ పనిలో సభ్యత్వం ఎక్కడ పనికొస్తుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. గుంటూరు వైపు ఒక యువ ఆర్కిటెక్టు డ్యూప్లెక్స్ ఇంటి పని తీసుకున్నాడు. నోటిమాట మీద చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకుని, ప్లాన్లు, ఎలివేషన్, త్రీడీ చిత్రాలు ఇచ్చాడు. ఇంటాయన ఆ ఫైల్ మేస్త్రీకి ఇచ్చి శ్లాబు దాకా లేపి, "డ్రాయింగులు అయిపోయాయి కదా, ఇక మీతో పనేముంది" అన్నాడు. మిగిలిన ఫీజు అడగడానికి ఇతని దగ్గర ఉన్నవి కొన్ని వాట్సాప్ మెసేజీలు. అందులో "బావుంది సార్, సెకండ్ ఆప్షన్ ఫైనల్" అన్న ఒక్క మాటే ఆధారంగా మిగిలింది. ఐఐఏ రాష్ట్ర శాఖలోని, అంటే చాప్టర్‌లోని, ఒక పెద్దాయన అతనికి తన ఆఫీసులో వాడే ఒప్పంద పత్రం ఇచ్చి, తర్వాతి పనికి అది లేకుండా పెన్సిల్ ముట్టుకోవద్దన్నారు. కౌన్సిల్ ఎంగేజ్‌మెంట్ షరతుల మీద ఆధారపడి, మన ఊరి అలవాట్లకు సరిపడేలా కొన్ని క్లాజులు చేర్చిన పత్రం అది. కాన్సెప్ట్, ప్రిలిమినరీ, అప్రూవల్ డ్రాయింగులు, వర్కింగ్ డ్రాయింగులు, టెండరు, నిర్మాణ దశ అని మెట్లుమెట్లుగా ఫీజు విడగొట్టి ఉంటుంది. ఒక దశ సొమ్ము రాకుండా తర్వాతి దశ కాగితం బయటికి వెళ్లదు. రివిజన్లు ఎన్నిసార్లు, సైట్ విజిట్లు నెలకు ఎన్ని, స్ట్రక్చరల్ ఇంజినీరు ఫీజు ఎవరిది, మున్సిపాలిటీకి కట్టే చార్జీలు ఎవరివి, డ్రాయింగుల మీద కాపీరైటు ఎవరిది, తగవు వస్తే ఆర్బిట్రేటరును, అంటే తీర్పు చెప్పే మధ్యవర్తిని, ఎవరు సూచించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఈ పత్రం డబ్బిచ్చి కొనేది కాదు. కౌన్సిల్ షరతులు ఎవరైనా చదువుకోవచ్చు. ఏ క్లాజు దగ్గర మన క్లయింటు నొచ్చుకుంటాడో, దాన్ని ఏ మాటలతో రాస్తే సంతకం పెడతాడో మాత్రం పత్రంలో ఉండదు, అది పదేళ్లుగా వాడినవాడి నోట వినాల్సిందే. యజమానికి, కాంట్రాక్టరుకు మధ్య కుదిరే నిర్మాణ ఒప్పందానికి ఐఐఏ నమూనా షరతులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. పెద్ద పని వచ్చిన రోజున వెతుక్కోకుండా ఇప్పుడే చదివి ఉంచుకోండి.

ఫీజుల పట్టిక గురించి ఒక హెచ్చరిక. కౌన్సిల్ పట్టికలో విడి ఇంటికి నిర్మాణ వ్యయంలో 7.5 శాతం అని చూసి సంతోషించి, అదే అంకె మొదటి క్లయింటు ముందు పెడితే ఆయన మళ్లీ కనిపించడు. మన పట్టణాల్లో చదరపు అడుగు లెక్కే నడుస్తోంది, ప్రభుత్వ శాఖలు కూడా తక్కువ ఫీజు కోట్ చేసినవాణ్ణే పిలుస్తున్నాయి. పట్టిక ఉపయోగం వేరు: ఆర్బిట్రేషన్‌లోనో కోర్టులోనో "ఈ పనికి న్యాయమైన రుసుము ఎంత" అన్న ప్రశ్న వచ్చినప్పుడు చూపించడానికి అదొక కొలమానం. మిగతాదంతా మీ బేరమే. బ్రిటన్‌లో కూడా అక్కడి ఆర్కిటెక్టుల సంఘమైన రాయల్ ఇన్‌స్టిట్యూట్ వారి కనీస ఫీజుల పట్టిక 1982 నుంచి తప్పనిసరి కాకుండా పోయింది. ఏ సంఘమూ తన సభ్యుడి తరఫున బేరమాడలేదు.

బకాయిల వసూలుకు సంఘం కంటే పదునైన సాధనం వేరే ఉందని చాలామందికి తెలియదు. పని ఒప్పుకోవడానికి ముందే మీ ఆఫీసును సేవల విభాగంలో, చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. తగవు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళుతుంది. ఇది సొంతిల్లు కట్టుకునే గృహస్థు మీద ప్రయోగించే అస్త్రం కాదు. బిల్డర్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థల దగ్గర ఇరుక్కున్న బిల్లులకు మాత్రం పనికొస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది చాప్టర్ సమావేశానికి వచ్చిన ఒక ఆడిటరు. సభ్యత్వం విలువ చాలాసార్లు ఇలా పక్కదారిన వస్తుంది.

ప్రభుత్వంతో మాట్లాడే పనికి వద్దాం. చిన్న ఆఫీసు ఒంటరిగా అస్సలు చేయలేనిది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2017 భవన నియమాలు, తెలంగాణలో 2012 నాటి భవన నియమాల జీవో 168, ఆపైన 2020లో వచ్చిన భవన అనుమతుల టీఎస్-బీపాస్ చట్టం, ఆన్‌లైన్ అనుమతుల విధానం, ఇవన్నీ మీ రోజును నిర్ణయిస్తాయి. డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే లేయర్ పేరులో ఒక అక్షరం తేడా ఉందని సాఫ్ట్‌వేర్ తిప్పికొడుతుంది. సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్కలో బాల్కనీని ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో ఇంకోలా చూస్తారు. సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటూ తప్పు జరిగితే బాధ్యతంతా సంతకం పెట్టినవాడి మీదికి నెడతారు. ఒక్కడివి వెళ్లి టౌన్ ప్లానింగ్ అధికారితో వాదిస్తే ఆయన వింటాడు, ఆ తర్వాత నీ ఫైల్ కిందికి వెళుతుంది. అదే మాట పది ఆఫీసుల అనుభవంతో, నియమం సంఖ్యతో సహా, చాప్టర్ లెటర్‌హెడ్ మీద పురపాలక శాఖకు వెళితే ఏ ఒక్కరి ఫైల్‌కూ ముప్పు లేదు. ముంబైలో పీటా అనే సంఘం ఈ పని ఎలా చేయాలో చూపిస్తోంది: సొంత ప్రాక్టీసు చేసే ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, టౌన్ ప్లానర్లు ముగ్గురూ ఒకే సంఘంగా కూడి, మున్సిపల్ అనుమతుల నియమాల మీదే ప్రధానంగా పనిచేస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఆర్కిటెక్టులు ఒక గుంపు, ఎల్‌టీపీలు ఇంకొక గుంపుగా ఒకే కార్యాలయానికి విడివిడిగా వినతిపత్రాలు ఇస్తుంటారు. ఇది మారాలన్నది నా అభిప్రాయం, అందరూ ఒప్పుకోరని కూడా తెలుసు.

వృత్తి సంస్థల బలమెంతో, పరిమితి ఎక్కడో తెలుసుకోవడానికి అమరావతి ఉదంతం ఒక్కటి చాలు. రాజధాని ప్రభుత్వ సముదాయం కోసం జరిగిన పోటీలో 2016 మార్చిలో జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకి సంస్థ ఎంపికైంది. అదే ఏడాది దాన్ని పక్కనపెట్టి కొత్తగా ఎంపిక జరపగా ఆ పని బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. మాకి తన ఫిర్యాదును లేఖగా రాసింది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అధ్యక్షుడికి. ప్రపంచ ప్రసిద్ధుడైన ఆర్కిటెక్టు కూడా ఈ దేశంలో తట్టవలసిన తలుపు అదే అనుకున్నాడంటే దాని నైతిక హోదా అర్థమవుతుంది. అయినా ఆ పని తిరిగి ఆయన చేతికి రాలేదు. మీ ఊరి మున్సిపాలిటీ ఏ కల్యాణ మండపానికో డిజైన్ల పోటీ పెడితే, కౌన్సిల్ పోటీల మార్గదర్శకాలు పాటిస్తున్నారా, న్యాయనిర్ణేతల్లో ఆర్కిటెక్టులు ఉన్నారా, గెలిచినవారికి పని ఇస్తామన్న హామీ కాగితం మీద ఉందా అన్నవి ముందే చూసుకోండి. లేకపోతే చాప్టర్ ద్వారా అడిగించండి. పోటీ ముగిశాక అడిగితే వినేవాడు ఉండడు.

బాధ్యత విషయంలో రోజులు మారాయి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి, అందులోంచి బిల్డర్ డబ్బు తీసుకోవాలంటే పని ఎంతవరకు అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. కొత్తగా ఆఫీసు పెట్టినవాళ్ల దగ్గరికి బిల్డర్లు ఈ సర్టిఫికెట్ కోసమే వస్తారు. సైట్‌కు వెళ్లకుండా సంతకం చేయమని మొహమాటపెడతారు. చేయకండి. చేసే పనికి వృత్తిపరమైన బాధ్యతా బీమా తీసుకోండి. ఆ పాలసీలు మామూలుగా క్లెయిమ్ వచ్చిన నాటికి అమల్లో ఉంటేనే పనిచేస్తాయి, పని చేసిన నాటికి ఉన్నందువల్ల కాదు. కాబట్టి మధ్యలో ఒక ఏడాది ప్రీమియం మిగుల్చుకుందామని మానేస్తే, ఆ ఏడాదిలో పాత భవనం మీద నోటీసు వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. సభ్యులందరికీ కలిపి గ్రూప్ పాలసీ బేరం చేయడం వృత్తి సంస్థ చేయదగ్గ పనుల్లో మొదటిదని నేను అంటాను. మీ చాప్టర్‌లో ఆ ప్రయత్నం ఉందో లేదో అడగండి. లేకపోతే లేవనెత్తవలసిన మొదటి విషయం అదే.

ఈ మాట ఎందుకు గట్టిగా అంటున్నానంటే, ఐఐఏలో ప్రభుత్వ ఉద్యోగులు, అధ్యాపకులు, పెద్ద కంపెనీల్లో జీతగాళ్లు, సొంత ప్రాక్టీసువాళ్లు అందరూ ఉంటారు. అందరి సంఘం అయినప్పుడు సదస్సులు, అవార్డులు, ఉపన్యాసాలు సులువుగా జరుగుతాయి; ఫీజు బకాయిలు, బీమా, ఒప్పందాల వంటి చిన్న ఆఫీసు కష్టాలు వెనక్కి వెళ్తాయి. బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ రిజిస్ట్రేషన్ చూసేది ఏఆర్‌బీ (ఆర్కిటెక్ట్స్ రిజిస్ట్రేషన్ బోర్డు), 1834లో పుట్టిన రాయల్ ఇన్‌స్టిట్యూట్ అందరి సంఘం. ఆ రెండూ ఉండగానే, ప్రైవేటు ప్రాక్టీసు చేసేవాళ్లు 1973లో అసోసియేషన్ ఆఫ్ కన్సల్టెంట్ ఆర్కిటెక్ట్స్ అని విడిగా పెట్టుకున్నారు. అది సంఖ్యలో చిన్నదే. అయినా 1982లో తన సొంత నిర్మాణ ఒప్పంద పత్రాన్ని తెచ్చింది, 2000లో పీపీసీ 2000 అనే భాగస్వామ్య ఒప్పందాన్ని ప్రచురించింది. యజమాని, కాంట్రాక్టరు, కన్సల్టెంట్లు అందరూ ఒకే పత్రం మీద సంతకం చేసే పద్ధతి అది. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో కూడా వాడారు. కాగితం తయారుచేసే సంఘానికే ప్రాక్టీసులో విలువ అన్నది ఈ ఉదాహరణ మీద నా తీర్పు. మన దగ్గర అలాంటి ప్రత్యేక సంఘం అవసరమా, లేక చాప్టర్లలోనే ప్రైవేటు ప్రాక్టీసు విభాగం పెట్టుకుంటే చాలునా అంటే, ఇప్పటికి రెండోదే జరిగేపని.

మిగతా సంస్థల గురించి క్లుప్తంగా: ఇంటీరియర్ పనులు ఎక్కువైతే ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ ఐఐఐడీ చూడండి, సామగ్రి సరఫరాదారులతో పరిచయాలకు అది మంచిది. టౌన్ ప్లానింగ్ ప్రత్యేకంగా చదివి ఉంటేనే టౌన్ ప్లానర్ల సంస్థ ఐటీపీఐ. హరిత భవనాల మీద ఆసక్తి ఉంటే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అన్నింటిలో ఒకేసారి చేరి పేరు వెనక అక్షరాలు పెంచుకోవలసిన పని లేదు. ఆ అక్షరాలు చూసి పని ఇచ్చిన గృహస్థును నేను ఇంతవరకు చూడలేదు.

మీరు చేయవలసిన వరుస ఇది. చందా కట్టేముందు ఆంధ్రప్రదేశ్ చాప్టర్ సమావేశానికి ఒకసారి అతిథిగా వెళ్లండి. గడిచిన ఏడాదిలో భవన నియమాల మీద ప్రభుత్వానికి ఏమి రాశారు, ఫీజు తగవుల్లో సభ్యులకు సలహా ఇచ్చేవారు ఎవరు, ఒప్పంద పత్రాల మీద శిక్షణ జరిగిందా అని అడగండి. జవాబులు పలచగా ఉన్నా అసోసియేట్ సభ్యుడిగా చేరండి, ఎందుకంటే ఈ పనులు చేయించగల ఓటు లోపల ఉన్నవారికే ఉంటుంది; ఫెలో కావడం తర్వాత చూసుకోవచ్చు. చేరాక ఉపన్యాసాల కమిటీలోకి పిలుస్తారు, అక్కడికి కాకుండా నియమాలు, అనుమతుల మీద పనిచేసే బృందంలోకి వెళ్లండి. దరఖాస్తు నింపేముందు కౌన్సిల్ సర్టిఫికెట్ మీద రెన్యువల్ తేదీ చూసుకోండి. జీతానికి పనిచేసిన రోజుల్లో దాన్ని ఆఫీసే చూసుకుంటుందని వదిలేసి ఉంటారు. గడువు దాటి ఉంటే మిగతా అన్నింటికంటే ముందు అది సరిచేసుకోవాలి, అప్పటిదాకా బోర్డు కూడా పెట్టకండి.